ఉప్పు పట్టిన పాట

కూకో బాబూ,
ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, గోడకి ఆనుకో.
ఏటైంది దీనికి?
పాట మొదలెడితే గొంతు బొంగురుపోతందా.
ఇప్పకుండానే చెప్పీగలను.
మీ ఇల్లు పెదజాలారిపేట ఏపు గదా?
చూసావా.

ఈ ఊళ్ళో సామాన్లకి ఒకటే జబ్బు, ఉప్పు.
మనం నిద్దరోతంటే కిటికీ సందుల్లోంచి వొచ్చి
రాగితీగల మీద పచ్చగా కూకుంటాది.
కురుపాం మార్కెట్టు ఎనకాల, ఈ మెట్ల కింద,
ముప్పైయేడేళ్ళుగా దాన్నే గోకుతన్నాను
పాత పళ్ళబ్రష్షుతోటి.
"అమ్మమ్మా, నీకు అన్నవెట్టింది సముద్రవే" అంటాది మనవరాలు.
జాలరోళ్ళకి పెట్టినట్టే అనుకో.
వల లేదు, అంతే తేడా.

టెక్నాలజీ మీద నా అభిప్రాయం అడిగావు గదా.
అడగలేదా? సర్లే, ఇను.
స్క్రూ ఉన్నదల్లా మంచిది.
జిగురెట్టి మూసీసిందల్లా దొంగది.
కొన్నోడివి నువ్వు,
లోపల ఏటుందో చూడ్డానికి నీకే పెర్మిషను లేదంట!

పాటల సంగతంటావా,
నీకేటి నచ్చుతాదో నీకంటే ముందు నీ ఫోనుకే తెలుసంట గదా.
ఒకటి అయ్యీసరికి ఇంకోటి, అదే ఈడు, అదే పోలిక,
పెళ్ళిబంతిలో వొద్దన్నా లడ్డూ మీద లడ్డూ ఏసినట్టు.
మా పెద్దక్క కొడుకు సన్యాసిదేముడు తప్పెటగుళ్ళు ఆడతాడు, మాడుగుల దగ్గిర.
గుండెకి రేకు కట్టుకుని, గంతులేస్తా.
చెమటకి రేకు జారుతాది, దరువు తప్పుతాది.
తప్పిన చోట ఆడు నవ్వుతాడు చూడు,
జనం ఈలేసీది అక్కడే.
నీ ఫోను ఎప్పుడేనా తప్పిందా?
తప్పితే నవ్విందా?

ఏసీ చల్లగానే ఉంటాది, నాను కాదనను.
గానీ ఈ పక్కగోడకి ఏలాడే నాలుగు డబ్బాలు కక్కుతున్న ఏడి ఎవలిది?
మొన్న మార్చిలోనే
సోల్డరు దానంతటది కరిగిపోతాదేమో అనిపించింది.
తెల్లారి గుమ్మం తుడిస్తే గుడ్డ నలుపు. పోర్టు బొగ్గు.
మా మేడమీద ఇంజినీరుగారు
క్లైమేటు మారిపోతందమ్మా నూకరత్నం అని
అరగంట లెక్కలు చెప్పాడు,
కారు ఇంజిను ఆపకుండానే.
నా పెళ్ళైన కొత్తలో మేం పిడతకింద పప్పు తిన్న ఇసక
ఇప్పుడు కెరటం కిందుంది.
దానికి కంప్లయింటు ఎవలికియ్యాల?

హుద్‌హుద్ నాటికి నీకెంత, ఎనిమిదేళ్ళా?
కైలాసగిరి మీద ఆకన్నది లేదు,
కాల్చీసిన అగ్గిపుల్లల్లాగ చెట్లు.
కరెంటు లేదు. టవర్లు పడుకున్నాయి.
అంతంత ఫోన్లు పలకల్లాగ అయిపోతే
అప్పుడొచ్చారయ్యా ఈ మెట్ల కిందకి,
అటకల మీంచి దించిన రేడియోలు చంకనెట్టుకుని, లైను.
భూలోకం మాస్టారని, దొండపర్తి, ఆయనది తోలు సంచీ రేడియో.
మూత ఇప్పి, గోకి, సెల్లులేసి, ముల్లు తిప్పాను.
గరగర.
ఆ గరగరలోంచి ఒక వయొలిను,
ఏ దేశందో, ఏ భాషోళ్ళదో,
మునిగిపోతా తేల్తా వొచ్చింది.
వార్తలెట్టండి అన్నాడు ఎనకాలెవడో.
ఎవలూ ఎనక్కి తిరగలేదు.
మంచినీళ్ళ బిందెతో ఎళ్తన్న ఒకామె
బిందె దించకుండానే నిలబడిపోయింది.
ఐపోయాక మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని డబ్బులిచ్చాడు.
పది రూపాయలు తక్కువ.
అడగలేదు నాను.

ఇదిగో, ఊడింది నీ డబ్బా.
చూడు లోపల, చెప్పానా, పచ్చగా.
మళ్ళీ జిగురెట్టి మూసీమంటావా,
రెండు స్క్రూలెయ్యమంటావా?
స్క్రూలకైతే ఇరవై ఎక్కువ.